సెనేటర్ గారి నిరాహారదీక్ష

ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరు తిండి మానేశారు. ఒకరు మా అత్త హెర్లిండా, రెండోది ఆవిడ పాము. పాము మానేసిందని అత్త మానేసింది. అత్త మానేసిందని మా ఆయన రూబెన్ సగం మానేశాడు. మిగిలినవన్నీ పారేయడానికి మనసొప్పక నేను మాత్రం లావెక్కాను.

మా ఊరు మెస్కీట్ ఫెర్రీ కొలరాడో నదికి కాలిఫోర్నియా ఒడ్డున ఉంటుంది. వంతెన దాటితే అరిజోనా. అత్త ఆ ఒడ్డున, కాపర్‌టన్ శివార్లలో, పాత ట్రైలర్ ఇంట్లో ఒక్కతే ఉండేది. జూన్ మొదట్లో ఆవిడ కూలర్ చెడిపోయింది. కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలే రోజులు. ఆవిడ ఎవరికీ చెప్పకుండా తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుంది. పక్కవాళ్ళు చూసేసరికి స్పృహలో లేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ రూబెన్‌ని పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే ఈ గుండె తట్టుకోదు, ఆవిణ్ణి ఒంటరిగా ఉంచకండి అని చెప్పింది.

అలా ఆవిడ మా ఇంటికి వచ్చింది. ఆవిడ వెనకే ఒక గాజు పెట్టె, అందులో సెనేటర్ వచ్చాయి.

సెనేటర్ ఆఫ్రికా జాతి పొట్టి కొండచిలువ. నాలుగడుగులకి మించి పెరగదు, విషం లేదు, భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. పోయిన మా మామ ఫౌస్టో దాన్ని చిన్న పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి పెంచాడు. పగలంతా నిద్ర, ఎవరైనా కదిలిస్తే ముడుచుకుపోవడం, తిండి దగ్గర మాత్రం మెలకువ. అందుకే ఆ పేరు పెట్టాడట. నాకేమో పాములంటే చచ్చేంత భయం. పెళ్ళయినప్పటి నుంచీ అత్తింటికి ఎప్పుడు వెళ్ళినా నేను వరండా దాటి లోపలికి వెళ్ళలేదు. ఇప్పుడు అత్త ఆ పెట్టెని నా ముందుగదిలో పెట్టించబోతుంటే నడుం మీద చేతులు వేసుకుని దారికి అడ్డం నిలబడ్డాను.

"వెనక గదిలో పెట్టుకో అత్తా. తలుపేసి ఉంచు. అది బయటికొచ్చిన రోజు నేను బయటికి పోతా."

"పోవే. నీకంటే అదే నయం. ఇన్నేళ్ళలో నన్నొక్క మాట అన్లేదు."

"దాని నోరు మింగడానికి. నా నోరు మాట్లాడ్డానికి."

"నీది రెండిటికీ బాగానే పనిచేస్తుందిలే," అని ఆవిడ నా నడుం వంక ఒకసారి తీరిగ్గా చూసింది.

రూబెన్ పెట్టె మోస్తూ నవ్వాపుకోలేక గోడకి గుద్దుకున్నాడు. మా అత్తాకోడళ్ళ వ్యవహారం మొదటినుంచీ అంతే. ఎదురుపడితే ఉప్పూ నిప్పూ, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరికి నిద్రపట్టదు.

నాలుగు రోజులు గడిచాక అత్త సెనేటర్‌కి జెర్బిల్ కావాలంది. జెర్బిల్ అంటే ఎలుకకీ ఉడుతకీ మధ్యస్తంగా ఉండే ప్రాణి, తోక చివర చిన్న కుచ్చు ఉంటుంది. అరిజోనాలో పిల్లలు వాటిని ముచ్చటపడి పెంచుకుంటారు. సెనేటర్‌కి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఒక్కటే తిండి. మామ అలా మప్పాడు.

"ఇక్కడ దొరకవత్తా. చట్టం ఒప్పుకోదు," అన్నాను.

"ఎవడి చట్టం?"

"కాలిఫోర్నియా చట్టం. జెర్బిల్‌ని అమ్మకూడదు, కొనకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు."

"మరి పాముని ఉంచుకోవచ్చా?"

"ఈ రకాన్ని ఉంచుకోవచ్చు."

"అంటే పాము తప్పు కాదు, పాము కూడు తప్పు. బాగుందే! ఇంతకీ అది చేసిన పాపమేంటి?"

"తప్పించుకుపోతే ఎడారిలో పిల్లల మీద పిల్లల్ని పెట్టి పొలాలు తినేస్తాయని భయం."

"ఏటికి అవతల ఉన్నది ఎడారి కాదా? అక్కడ వీధిలో అమ్ముతున్నారు. ఏ పొలం తినేశాయో చూపించు. నీళ్ళు కూడా అవే తాగుతున్నాంగా రెండు పక్కలా!"

ఆవిడ అడిగింది న్యాయమే. కానీ ఆ మాట ఒప్పుకోవడం నా వల్ల కాదు. ఎందుకంటే ఆ చట్టానికి మా ఊళ్ళో కాళ్ళూ చేతులూ నేనే. వంతెన దిగగానే ఉన్న తనిఖీ కేంద్రంలో నాది ఉద్యోగం. రాష్ట్రంలోకి వచ్చే ప్రతి బండినీ ఆపి, "పళ్ళు, మొక్కలు, జంతువులు ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతాను. నారింజపండులో దాక్కున్న ఒక్క పురుగు తోటలన్నిటినీ ముంచుతుందని నేను నిజంగానే నమ్ముతాను. మా మేనమామ తన పెరట్లో కాసిన నిమ్మకాయలు సంచినిండా తెస్తే ఆయన కళ్ళెదుటే చెత్తడబ్బాలో పోయించాను. ఆయన రెండేళ్ళు మా గుమ్మం తొక్కలేదు.

రూబెన్ మా ఊరి కొట్లో దొరికే ఎలుకలు తెచ్చాడు. చంపి, గడ్డకట్టించి అమ్ముతారు, వాటికి ఏ అభ్యంతరమూ లేదు. అత్త వాటిని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పటకారుతో అందించింది. సెనేటర్ నాలుక రెండుసార్లు ఆడించి మొహం తిప్పేసుకుంది. మర్నాడూ అంతే, వారం తర్వాతా అంతే. ఏటికవతలికి తీసుకెళ్ళి తినిపిద్దామన్నా, బండిలో కదిలిస్తే బెదిరి రోజుల తరబడి ముడుచుకునే ఉంటుంది. ఈ జాతి పాములు నెలల తరబడి తినకుండా ఉండగలవంటారు. కానీ ఇది ముసలిది, పైగా చలికాలమంతా ఎలాగూ పస్తే ఉంది. జూలై వచ్చేసరికి వీపు మీద ఎముక గీతలా తేలింది. భయం అంటూనే నేను కూడా తలుపు సందులోంచి రోజూ ఆ గీత చూసేదాన్ని.

అత్త పళ్ళెం పట్టుకుని ఆ పెట్టె పక్కనే కూర్చునేది. పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే వంటింట్లోకి తిరిగొచ్చేది.

"నువ్వైనా తినత్తా. మందులు వేసుకోవాలిగా."

"వాడు తినకుండా నేనెలా తిననే?"

"వాడు పాము అత్తా!"

"పామే. మీ మామ పోయినప్పుడు మీరంతా వచ్చారు, ఏడ్చారు, తిన్నారు, ఎవరి దారిన వాళ్ళు పోయారు. తప్పంటంలేదు, ఎవరి బతుకులు వాళ్ళవి. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో ఊపిరి తీసేది నేనొక్కదాన్నీ, వాడొక్కడూ. పొద్దున లేవగానే వాడున్నాడా అని చూస్తా. వాడికోసం లేస్తాను కాబట్టి లేస్తా. అర్థమైందా?"

నాకు అర్థమైంది. పళ్ళెం తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాతి మంగళవారం మిట్టమధ్యాహ్నం నేను డ్యూటీలో ఉన్నాను. వంతెన మీదినుంచి రూబెన్ ట్రక్కు రావడం చూశాను. నడుపుతున్నది అత్త. పక్క వరస ఖాళీగా ఉన్నా ఆవిడ నా వరసలోకే వచ్చింది. కోడలి గేటు కదా, చెయ్యి ఊపి పంపించేస్తుందనుకుంది. నిమ్మకాయల సంగతి ఆవిడకి తెలియదా అంటే బాగా తెలుసు. తన మీదికి రాదనుకుంది.

అద్దం దించింది. చర్చికి వేసుకెళ్ళే నల్లగౌను, ఆ ఎండలో! ఒళ్ళో పెద్ద చేతిసంచి, దాని మీద శాలువా.

"పళ్ళు, మొక్కలు, జంతువులు ఏమైనా ఉన్నాయా?" అన్నాను. నోటికి అలవాటైపోయిన మాట.

"ఏమే, నన్ను కూడా అడుగుతావా?"

"అందర్నీ అడుగుతాను."

"ఏం లేవు," అంది, ఎదురుగా రోడ్డు వంక చూస్తూ.

అప్పుడు సంచిలోంచి టపటపమని శబ్దం వచ్చింది. జెర్బిళ్ళకి బెదురు పుడితే వెనకకాళ్ళతో నేలని అలా దరువేస్తాయి. ఆగి, మళ్ళీ దరువు. అత్త శాలువా మీద చెయ్యి అదిమిపెట్టింది. ఆ చేతివేళ్ళు ఎంత సన్నబడిపోయాయో అప్పుడే గమనించాను. వెనక రెండు లారీలు, ఒక పడవని లాక్కొచ్చే బండి ఉన్నాయి. ఎవరూ వినలేదు. మా పైఅధికారి డ్వేన్ ఆఫీసు గదిలో కాఫీ కలుపుకుంటున్నాడు. చెయ్యి ఊపితే చాలు.

నా చెయ్యి లేవలేదు. పౌరుషంతో కాదు, నిజంగా లేవలేదు. పొద్దున్నించీ ఎంతమంది దగ్గర పళ్ళు లాక్కున్నానో, వాళ్ళలో ఒక పసిపిల్ల తన పీచ్‌పండు కోసం ఎలా ఏడ్చిందో కళ్ళముందు ఉంది.

"మేడమ్," అన్నాను. అత్తా అని పిలిస్తే చెయ్యి ఊపేసేదాన్నేమో. "ముందు మలుపు దగ్గర తిప్పుకుని అరిజోనాకి వెళ్ళిపోండి. సంచిలో ఉన్నవి అక్కడ ఇచ్చేసి రండి. ఏమీ రాసుకోను."

ఆవిడ నా మొహం వంక చూసింది. కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు. ట్రక్కు తిప్పుకుని వంతెన ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ భోజనాల బల్ల దగ్గరికి వచ్చి రూబెన్ ఒక్కడితోనే మాట్లాడింది.

"ఆదివారం నన్ను మా ఇంట్లో దింపు. కూలర్ బాగుచేయించావుగా. కరెంటు కూడా ఉంది. వాడు అక్కడ తింటాడు."

"అమ్మా, డాక్టరు ఏమందో విన్నావుగా..."

"డాక్టరమ్మ వాడిగురించి ఏం చెప్పలేదు."

"పోనీ పాముని కాపర్‌టన్‌లో ఎవరికైనా ఇద్దాం. వారం వారం చూసొద్దువుగాని."

"నన్ను కూడా ఇచ్చెయ్ వాళ్ళకి," అని లేచి వెళ్ళిపోయింది.

రూబెన్ నావైపు తిరిగాడు. పళ్ళెం పక్కకి నెట్టేశాడు. రైలుబండి మీద ఉద్యోగంతో వారానికి సగం రోజులు బయటే ఉండే మనిషి, ఫోను మోగిన ప్రతిసారీ తల్లి గురించేనేమో అని ఉలిక్కిపడుతున్నాడు. నన్ను ఒక్క మాట అని ఉంటే పోట్లాడి మనసు తేలిక చేసుకునేదాన్ని.

శుక్రవారం నాకు సెలవు. అత్తకి చెప్పకుండా కాపర్‌టన్ వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నానో నాకే తెలీదు. జెర్బిళ్ళు అమ్మే కొట్టు మాత్రం తెలుసు. యజమాని ప్యాట్రిస్ అనే లావుపాటి మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని పంజరాలు శుభ్రం చేస్తోంది. నేనెవరో చెప్పగానే గట్టిగా నవ్వింది.

"ఓహో, ఆ కోడలివి నువ్వేనా! మంగళవారం మీ అత్త వాటిని వెనక్కి తెచ్చిచ్చింది. 'మా కోడలు నన్ను కూడా వదల్లేదమ్మా, సొంత అత్తని, నిలబెట్టి వెనక్కి పంపింది' అని ఈ బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది."

"తిట్టిపోసిందా?"

"తిట్టింది. మధ్యమధ్యలో మురిసిపోయింది కూడా. 'దాని దగ్గరికి దేవుడొచ్చినా పండు వదిలి వెళ్ళాల్సిందే' అంది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కడే బెంచీ మీద కూలబడి, ఆదివారం సంగతి, డాక్టరమ్మ మాట, పాము వీపు మీద తేలిన గీత, అన్నీ ఆ పరాయి మనిషికి చెప్పేశాను. ఆవిడ వింటూనే పంజరంలోని చెత్తంతా సంచిలోకి దులుపుతోంది. కాగితం ముక్కల పరుపు, ఘాటైన వాసన.

"పాము రుచి చూసుకుని తినదమ్మాయ్, వాసన చూసుకుని తింటుంది," అంది. "మామూలు ఎలుకని ఈ చెత్తలో బాగా పొర్లించండి. జెర్బిల్ అనుకుని మింగేస్తుంది. మొండిపాములున్న వాళ్ళందరూ చేసేదే."

"మా అత్తకి తెలీదా?"

"జెర్బిళ్ళు దొరుకుతున్నంతకాలం ఆవిడకి ఆ అవసరం ఏముంది? నేనూ ఆ రోజు చెబుదామనే అనుకున్నా. ఆవిడ నన్ను మాట్లాడనిస్తేగా!" సంచి మూతి ముడివేసి నా చేతికిచ్చింది. "మీ గేటు దగ్గర దీన్ని రానిస్తారో లేదో మరి. అక్కడున్న వాళ్ళు మహా గట్టివాళ్ళట."

ఆ సంచి ముందుసీటులో పెట్టుకుని వంతెన దాటాను. రోజూ నిలబడే చోటికి కారులో కూర్చుని వస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. గేటులో డ్వేన్ ఉన్నాడు. చెక్‌పోస్టులోనే జుట్టు నెరిసిన మనిషి, నవ్వడం ఎవరూ పెద్దగా చూడలేదు.

"పళ్ళు, మొక్కలు, జంతువులు?" అన్నాడు, నన్ను గుర్తుపట్టి కూడా.

"జెర్బిళ్ళ చెత్త ఉంది సార్."

"ఏమిటీ?"

"జెర్బిళ్ళు కాదు. వాటి కింద పరిచిన కాగితాలు, వాటి... మిగతాది."

కారు పక్కకి పెట్టించాడు. సంచిని తనిఖీ బల్ల మీద కుమ్మరించి, నేను చెప్పిందంతా విని, చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి చదివాడు. ఆ కాసేపు నేను ఏ దేవుణ్ణీ వదల్లేదు.

"జంతువు అని ఉంది. ఇది బతికి లేదు, ఎప్పుడూ బతకనూ లేదు," అన్నాడు. "పండు కాదు, మొక్క కాదు. చెత్త. మన రాష్ట్రానికి చెత్త కొత్తేమీ కాదు." తర్వాత బల్ల మీదికి వంగి ఒక పొద్దుతిరుగుడు గింజ ఏరి పైకెత్తి చూపించాడు. "కానీ ఇదేంటి ఎల్విరా?"

"గింజ సార్."

"మొలకెత్తుతుందా?"

"ఎత్తుతుంది సార్."

ఇద్దరం చేతితొడుగులు వేసుకుని ఆ చెత్తలో గింజలు ఏరుతూ కూర్చున్నాం. వచ్చేపోయే బండ్లవాళ్ళు చూసుకుంటూ వెళ్ళారు. ఒక్క గింజ కూడా మిగల్లేదని రెండుసార్లు చూసి, ఆయనే సంచి ముడివేసి కారులో పెట్టాడు. "పాముగారు ఏమన్నదీ సోమవారం చెప్పాలి," అన్నాడు.

ఇంటికి వచ్చి సంచి అత్త ముందు పెట్టాను. మంగళవారం తర్వాత మా మధ్య మాటల్లేవు. ఆవిడ ముడి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది.

"ఎలా తెచ్చావే?"

"చెప్పి తెచ్చాను."

ఆవిడ వెంటనే లేచింది. ఎలుకని నానబెట్టింది. నేను చెప్పకముందే పని అర్థమైపోయింది. చేపకి ఉప్పూకారం పట్టించినట్టు ముందూ వెనకా, చెవులూ తోకా వదలకుండా ఆ చెత్త పట్టించింది. అప్పటికి పొద్దు వాలింది, అది పాము మేల్కొనే వేళ. పటకారుతో ఎలుకని పట్టుకుని పెట్టె మూత తీసింది. కానీ చెయ్యి వణకసాగింది. తిండి లేక వచ్చిన వణుకు. ఎలుక అటూఇటూ ఊగిపోతోంది. సెనేటర్ బెదిరి చుట్టుకుపోతోంది.

"రూబెన్ ఎప్పుడొస్తాడు?" అంది.

"చీకటి పడ్డాక."

"అప్పటికి ఈ వాసన పోతుంది." పటకారు నావైపు చాపింది. "పట్టుకో."

"అత్తా, నా వల్ల కాదు."

"నన్నే ఆపినదానివి. ఇదెంత నీకు!"

పట్టుకున్నాను. కళ్ళు మూసుకుందామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "చూడు. దాని తల వంక చూడు. తొందరపడకు. దూరంగా ఉంచి కాస్త కదిలించు. చాలు, ఇక ఆపు." ఆవిడ చెయ్యి నా వీపు మీద ఉంది. చుట్టల్లోంచి తల మెల్లగా బయటికి వచ్చింది. నాలుక ఒకసారి ఆడింది. మళ్ళీ ఆడింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. ఎలుక దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ఎప్పుడు కొరికిందో నేను చూడలేదు. పటకారు ఒక్క గుంజు గుంజినట్టయింది, చూస్తే ఎలుక చుట్టల మధ్య ఉంది. అరిచానట. పటకారు మాత్రం వదల్లేదట. అత్త మెల్లగా నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి దాన్ని తీసుకుంది.

మేమిద్దరం ఆ పెట్టె ముందు నేలమీద కూర్చుని అది మింగేదాకా చూశాం. తోక చివర కూడా లోపలికి పోయాక అత్త గట్టిగా నిట్టూర్చి నా భుజం మీద తల ఆనించింది. ఎంత తేలిగ్గా ఉందో ఆ తల!

"బీన్స్ ఉన్నాయా?" అంది.

రూబెన్ వచ్చేసరికి ఆవిడ రెండో టోర్టిల్లా రొట్టె తుంచుకుంటోంది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. టోపీ తియ్యలేదు, చేతిలో టిఫిన్ డబ్బా దించలేదు.

"ఏంట్రా అలా చూస్తావ్? కూర్చో," అంది అత్త. నోట్లో ముద్ద నమిలి మింగి, నీళ్ళు తాగి, "రేపొద్దున ఆ ట్రైలర్‌లో కరెంటు తీయించెయ్యి. మనిషి లేని ఇంటికి ఎందుకు దండగ," అంది.

నేను లేచి స్నానాలగదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాను. ఎవరికీ వినిపించకూడదని కుళాయి పూర్తిగా తిప్పి, గోడకి ఆనుకుని ఏడ్చాను. జూన్ నుంచీ గుండెల మీద ఉన్నదంతా దిగిపోయేలా ఏడ్చాను. కాసేపటికి తలుపు మీద దబదబా చప్పుడైంది.

"ఏమే! కరువు దేశంలో ఆ నీళ్ళన్నీ అలా పోనిస్తావేంటి? కుళాయి కట్టెయ్," అంది అత్త. తర్వాత గొంతు తగ్గించి, "ఏడవాలంటే ఇక్కడికొచ్చి ఏడువు. నేనుంటాగా," అంది.